హెడ్లీ బాబాయి ఎంగిలి ముద్ద

హెడ్లీ బాబాయికి ఒకటే అలవాటు. తన నాలిక మీద వేసుకుని చూడందే ఏదీ తన ఫెర్రెట్లకు పెట్టడు. అది పచ్చి కార్జం కావచ్చు, కోడి గుండెకాయ కావచ్చు, పశువుల డాక్టరిచ్చిన నట్టల మందు కావచ్చు. ముందు తన నోట్లోకి వెళ్ళాలి, తర్వాతే వాటి గిన్నెలోకి. మా థార్ప్‌లీలో ఫెర్రెట్లు పెంచేవాళ్ళకు కొదవ లేదు. బొగ్గు గని నడిచిన రోజుల నుంచీ మా వీధుల్లో ప్రతి పెరట్లోనూ ఒక ఫెర్రెట్ గూడు ఉండేది. ముంగిసలా పొడుగ్గా, సన్నగా ఉండే ఆ జంతువును కుందేలు బొరియలోకి వదిలితే ఆదివారం కూరకు ఢోకా లేదు. కానీ దాని గిన్నెలోది ముందు తాము తిని చూసినవాళ్ళు ఊరు మొత్తం మీద ఇంకెవరూ లేరు.

ఈ అలవాటు వల్ల అందరికన్నా ఎక్కువ అవస్థ పడ్డవాణ్ణి నేను, ఎందుకంటే ఊళ్ళో మాంసం కొట్టు నాది. మా నాన్నతో పాటు గనిలో పనిచేసిన మనిషి కాబట్టి బాబాయ్ అని పిలిచేవాణ్ణి, గట్టిగా ఏమీ అనలేకపోయేవాణ్ణి. శనివారం ఉదయం కొట్టు ముందు పదిమంది ఆడవాళ్ళు వరసలో నిలబడ్డప్పుడే ఆయన వచ్చేవాడు.

"ఈ గుండెకాయలు ఎప్పటివిరా డెరిక్?"

"ఇవాళ్టివే బాబాయ్."

ఒకటి తీసి నాలిక చివర ఆనించేవాడు. కళ్ళు మూసుకునేవాడు. వరస మొత్తం ఊపిరి బిగబట్టేది.

"గురువారం," అనేవాడు.

నిజమే, గురువారంవే. వరసలో నాలుగో ఆవిడ చేతిలోని కైమా పొట్లం మెల్లిగా బల్ల మీద పెట్టేసి, ఏదో పని గుర్తొచ్చినట్టు వెళ్ళిపోయేది. ఆయన దెబ్బకు నేను శుక్రవారం సాయంత్రానికల్లా పాత సరుకంతా తీసి పారేయడం నేర్చుకున్నాను. చుట్టుపక్కల ఆరు ఊళ్ళలో నా మాంసమే తాజాది అని పేరొచ్చింది. ఆ పేరు నాది, నాలిక ఆయనది.

దానికి తోడు ఫెర్రెట్లకు తన మేనత్తల పేర్లు పెట్టాడు. ఏడుగురు మేనత్తలు, ఏడుగురూ ఏనాడో పోయారు. చిన్నప్పుడు తల్లి లేని తనకు రోజుకొకరు చొప్పున వారమంతా అన్నం పెట్టారట, ఆ రుణం. కానీ కొత్తగా ఊరికొచ్చిన పోస్ట్‌మాస్టర్ గారి భార్యకు ఇదంతా ఎలా తెలుస్తుంది?

"మిల్లిసెంట్ అత్తకి రెండ్రోజుల నుంచీ విరేచనాలు," అన్నాడొకసారి వరసలో ఆవిడ వెనక నిలబడి.

"అయ్యో పాపం. ఆవిడకి ఎన్నేళ్ళండీ?"

"ఐదు దాటాయి. నిన్నట్నుంచి సోఫా కింద దూరి బయటికి రానంటోంది. మెడ పట్టుకుని లాగాల్సొచ్చింది."

ఆవిడ తర్వాత నెల రోజులు ఆయన కనబడితే వీధి అవతలి వైపు నుంచి నడిచేది.

ఇక రొట్టె-పాల గొడవ మా కార్మికుల క్లబ్బులో ఇప్పటికీ చెప్పుకుంటారు. మా వైపు పాతకాలం వాళ్ళది ఒకటే సూత్రం: ఫెర్రెట్‌కు పాలల్లో నానబెట్టిన రొట్టె పెట్టాలి. తాత పెట్టాడు, తండ్రి పెట్టాడు, మనమూ పెట్టాలి. అది కడుపు చెడి చిక్కి చచ్చిపోతే దాని ఆయుష్షు అంతే అనుకోవాలి. ఈ సూత్రానికి పెద్దదిక్కు ఎనభై నాలుగేళ్ళ ఆమోస్ థాక్రే.

"మాంసం పెడితే దానికి రక్తం రుచి మరుగుతుందిరా హెడ్లీ. మనుషుల్ని కరుస్తుంది. రొట్టె, పాలు పెట్టు. సాధువులా ఉంటుంది."

"దాని పేగు నా బెత్తెడంత. దాంట్లో రొట్టె ఏం అరుగుతుంది తాతా?"

"నువ్వు తిని చూశావా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. హెడ్లీ బాబాయి గ్లాసు కింద పెట్టి ఇంటికి వెళ్ళిపోయాడు. మూడు రోజులు పాలల్లో నానిన రొట్టె తప్ప ఇంకేమీ ముట్టలేదు. మూడో రోజు సాయంత్రం గోడ పట్టుకుని క్లబ్బులోకి వచ్చి, ఆమోస్ ఎదురుగా కూలబడ్డాడు.

"తిన్నాను తాతా. మూడు రోజులు."

"ఏమైంది?"

"కనబడ్డవాణ్ణల్లా కరవాలనుంది."

పశువుల డాక్టరమ్మ దగ్గరా ఇదే వరస. ఒకసారి మందు సీసా చేతికివ్వగానే మూత తీసి నాకేశాడు. అది మనుషులకు కాదండీ అని ఆవిడ కుర్చీలోంచి లేచేలోపు గుటక పడిపోయింది.

"అరటిపండు," అన్నాడు మొహం చిట్లించి.

"జంతువులు ఇష్టంగా తాగుతాయని ఆ రుచి కలుపుతారు."

"ఏ జంతువులమ్మా? మా మిల్లిసెంట్ అత్త పుట్టి బుద్ధెరిగాక అరటిపండు మొహం చూడలేదు. ఫెర్రెట్ ఆర్నెల్లలోపు ఏది తింటే అదే దానికి తిండి. ఆ తర్వాత కొత్తది ముక్కుకు పూసినా అది తినేదని దానికి తోచదు. ఆకలితో చస్తుంది గానీ ముట్టుకోదు."

ఇంటికి తీసుకెళ్ళి ఆ మందును కోడి కొవ్వులో కలిపి వేలితో నాకించాడు. మిల్లిసెంట్ అత్త లేచి తిరిగింది. అప్పట్నుంచి డాక్టరమ్మ తిండి మానేసిన ఫెర్రెట్లన్నిటినీ ఆయన పెరటి తలుపుకే పంపేది. కోడిని తోలుతో సహా మెత్తగా ఉడికించి, ఎముకలు తీసి, నూరి జావ చేసి, వెచ్చగా ఉండగా వేలి చివర పెట్టి తినిపించేవాడు. తొందరపడితే గొంతుకు అడ్డం పడుతుందని గంటలు గంటలు కూర్చునేవాడు. ఏదీ ఎక్కువ కాదు, ఏదీ తక్కువ కాదు. ఒకసారి నేను జాలిపడి మిగిలిపోయిన సాసేజీలు సంచిలో వేస్తే, వీధి చివరిదాకా వెళ్ళినవాడు నమలుతూ వెనక్కొచ్చాడు. "ఇందులో ఉల్లిపాయ ఉందిరా. ఫెర్రెట్‌కు ఉల్లి విషం. మా వంశం నిర్మూలించాలనా నీ ఉద్దేశం?" అని పదిమందిలో కడిగిపారేశాడు.

ఆయన ప్రాణమంతా బెరిల్ అత్త మీద ఉండేది. ముప్పావు కిలో తూగని ముసలి ఆడ ఫెర్రెట్. దానికి రక్తంలో చక్కెర పడిపోయే జబ్బు. మెలకువగా ఉన్నంతసేపూ నాలుగు గంటలకోసారి మాంసం జావ పడకపోతే వెనక కాళ్ళు జారిపోతాయి, చూపు నిలబడిపోతుంది, నోట్లోంచి చొంగ కారుతుంది. అప్పుడు చిగుళ్ళకు రవ్వంత తేనె రాయాలి, తెలివి రాగానే జావ పెట్టాలి. అందువల్ల పెళ్ళిలో ఉన్నా, చావులో ఉన్నా, క్లబ్బులో ఆఖరి ఆట మధ్యలో ఉన్నా, "బెరిల్ అత్తకి టైమయింది" అని లేచిపోయేవాడు.

ఇక్కడ ఆర్నాల్డ్ స్టగ్డెన్ గారి గురించి చెప్పాలి. ఆయన గనిలోకి మనుషుల్ని దింపే పంజరం లాంటి లిఫ్టుకు ఇంజను నడిపిన మనిషి. ముప్పై ఏళ్ళపాటు ఊరి మగవాళ్ళందరూ ఆయన చేతి మీదుగా భూమిలోకి దిగి, ఆయన చేతి మీదుగా పైకొచ్చారు. పందెం పావురాలు పెంచేవారు. ముప్పై ఏళ్ళ కిందట హెడ్లీ బాబాయి ఫెర్రెట్ ఒకటి గూడు తప్పించుకుని ఆయన పావురాల గదిలో దూరి పదకొండింటిని చంపింది. ఆ రోజు నుంచీ ఇద్దరికీ మాటల్లేవు. నా కొట్టులో ఎదురుపడితే "ఆయన్ని పక్కకి జరగమని చెప్పు డెరిక్" అని ఒకరు, "జరగనని చెప్పు డెరిక్" అని ఒకరు. నేను రాయబారిని.

ఆ ఏడాది ఫిబ్రవరిలో ఆర్నాల్డ్ గారి భార్య కాన్నీ గారు పోయారు. ఎవరింట్లో చుట్టాలొచ్చారో, ఎవరు అలిగి వంట మానేశారో పాస్టరు గారి కన్నా ముందు మాంసం కొట్టువాడికి తెలుస్తుంది. ఆర్నాల్డ్ గారు కొట్టుకు రావడం మానేశారు. వీధిలో ఆడవాళ్ళు గుమ్మంలో పెట్టొచ్చిన వంటకాలన్నీ మూతైనా తీయకుండా తిరిగిచ్చేవారు. "థాంక్స్ అమ్మా, ఇప్పుడే తిన్నాను," అనేవారు. పావురాలకు మాత్రం పూటపూటా గింజలు వేసేవారు. మార్చి నెలాఖరుకు ప్యాంటును తాడుతో కట్టుకుని తిరుగుతున్నారు. ఇలాగే ఉంటే ఎండాకాలం చూడరని డాక్టరు గారు నాతోనే అన్నారు.

నేను ఉండబట్టలేక హెడ్లీ బాబాయితో చెప్పాను. అప్పుడాయన కోడి కందనకాయ ఒకటి నాలిక మీద తిప్పుతున్నాడు.

"ఎన్నాళ్ళయింది?" అన్నాడు.

"నెల పైనే."

"ద్రవం ఏమన్నా దిగుతోందా?"

"టీ తాగుతున్నారట."

"కాళ్ళు తూలుతున్నాయా? చూపు నిలబడిపోతోందా?"

"ఆయన ఫెర్రెట్ కాదు బాబాయ్, మనిషి."

"సరేలే. బెరిల్ అత్తకి టైమయింది," అని సంచి తీసుకుని పోయాడు. ఒక మనిషి కళ్ళ ముందు ఎండిపోతుంటే ఈయనకు ముంగిసల గోల తప్ప పట్టదా అని నాకు ఒళ్ళు మండిపోయింది. ఈసారి గుండెకాయల్లో గురువారంవి కలుపుదామా అన్నంత కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున్నే నా చెయ్యి పట్టుకుని ఆర్నాల్డ్ గారి గుమ్మానికి ఈడ్చుకెళ్ళాడు. చంకలో తువాలు, తువాలులో బెరిల్ అత్త. ఆర్నాల్డ్ గారు తలుపు తీసి మూడడుగుల దూరంలో నిలబడ్డారు. ఇద్దరూ నా మొహమే చూస్తున్నారు.

"డెరిక్, పది రోజులు మా బెరిల్ అత్తని చూసుకుంటాడేమో అడుగు."

"డెరిక్, ఆ జంతువుని నా గుమ్మంలోంచి తీసెయ్యమని చెప్పు."

"విట్బీలో నా చెల్లెలు తుంటి విరగ్గొట్టుకుందని చెప్పు. నేను వెళ్ళక తప్పదని చెప్పు."

"బాబాయ్, నీకు చెల్లెలెక్కడ..." అనబోయేసరికి నా కాలి మీద గని బూటు పడింది. "చెల్లెలికి తుంటి విరిగిందటండీ," అన్నాను నొప్పితో.

"ఊళ్ళో ఇంకెవరూ దొరకలేదా అని అడుగు."

"పావురం పిల్లలకు చేత్తో మేత పెట్టి బతికించినవాడు ఊళ్ళో ఒక్కడే ఉన్నాడని చెప్పు. వాడు ఒట్టి మొండివాడని కూడా చెప్పు."

"ఆ రెండోది చెప్పక్కర్లేదు. వినబడింది."

ఇంతలో తువాలు కదిలింది. బెరిల్ అత్త తల బయటపెట్టింది. ముసలి మొహం, సగం ఊడిన మీసాలు, తల సన్నగా వణుకుతోంది. ఆర్నాల్డ్ గారు దాన్ని చూడకూడదనే అనుకున్నారు, కానీ చూశారు. ఆకలిగొన్న జంతువును గుమ్మంలోంచి తిప్పి పంపడం ఆయన వల్ల కాలేదు.

"ఎంతసేపటికోసారో అడుగు," అన్నారు చివరికి.

"ఆరు, పది, రెండు, ఆరు, పది. ఇంకో సంగతి చెప్పు డెరిక్. పెట్టేవాడు ముందు తినాలి. దాని ఎదురుగా కూర్చుని తినాలి. చెంచాడు కాదు, గిన్నెడు. పెట్టేవాడు తినందే బెరిల్ అత్త నోరు తెరవదు. అది నోరు తెరవకపోతే పూట గడవదు."

ఇన్నేళ్ళుగా నాలిక చివర ఆనించడమే చూశాను గానీ ఈ గిన్నెడు లెక్క నేనెప్పుడూ వినలేదు. పిచ్చి ముదిరిందనుకున్నాను. రోజుకో కోడి ఆర్నాల్డ్ గారింటికి పంపమని చెప్పినప్పుడైనా నాకు బుద్ధి వెలగలేదు. ముప్పావు కిలో జంతువుకు రెండు కిలోల కోడేమిటని వీధంతా తిరిగి వెటకారం చేశాను.

మూడో రోజు కోడి ఇవ్వడానికి వెళ్తే ఆర్నాల్డ్ గారి వంటింట్లోంచి ఘుమఘుమ వాసన వచ్చింది. ఉల్లిపాయ వాసన. పరిగెత్తుకుంటూ లోపలికి వెళ్ళాను.

"ఉల్లి వేశారా? చచ్చిపోతుందండీ అది. ఫెర్రెట్‌కు ఉల్లి విషం."

ఆర్నాల్డ్ గారు పొయ్యి ముందునుంచి కదలకుండా గోడకు గుచ్చిన కాగితం చూపించారు. హెడ్లీ బాబాయి చేతిరాత.

"కోడి ఉడికాక బెరిల్ అత్త వాటా ముందుగా వేరే గిన్నెలోకి తీసెయ్యాలి. మిగిలినదాంట్లో ఉల్లిపాయ, క్యారెట్, బార్లీ, ఉప్పు, మిరియాలు వేసి మళ్ళీ ఉడికించాలి. ఇది తినిపించేవాడి వాటా. చప్పిడిది తింటే వాడి మొహం మాడిపోతుంది. మాడిన మొహం చూస్తే బెరిల్ అత్తకు ఆకలి చస్తుంది. రొట్టె నంజుకోవచ్చు. వెన్న రాసుకోవాలి."

రెండుసార్లు చదివాను. నేను మందబుద్ధినే, కానీ మరీ అంత కాదు. ఆయన మీద పెంచుకున్న కోపం గుర్తొచ్చి సిగ్గేసింది. వెటకారం చేసిన నోరు మూసుకుని కొట్టుకు వెళ్ళి పనిలో పడ్డాను.

ఆరో రోజు మధ్యాహ్నం నా కొట్టు వెనక తలుపు చప్పుడైంది. తీస్తే, టోపీ ముక్కు మీదికి లాక్కుని హెడ్లీ బాబాయి.

"విట్బీలో చెల్లెలు ఎలా ఉంది?" అన్నాను.

"నోర్మూసుకుని మిగతా అత్తలకు కోడి మెడలు ఇవ్వు. ఆరు రోజుల్నుంచి కర్టెన్లు మూసుకుని నా ఇంట్లో నేనే దొంగలా ఉన్నాను. పెరట్లోకి పాకుతూ వెళ్తున్నాను. వాడు తింటున్నాడా?"

"తింటున్నారు. నిన్న మిరియాలు సరిపోలేదన్నారు."

ఆ మొహంలో వెలుగు చూసి తీరాలి. సరిగ్గా అప్పుడే ముందు తలుపు గంట ఖణేల్ మంది.

"డెరిక్."

ఆర్నాల్డ్ గారి గొంతు. హెడ్లీ బాబాయిని మాంసం గదిలోకి తోసి, గొర్రె తొడల వెనక నిలబెట్టి, ముందుకు పరిగెత్తాను. ఆర్నాల్డ్ గారు చొక్కా లోపలినుంచి బెరిల్ అత్తని బయటికి తీశారు. మెడ వేలాడిపోయింది. చొంగ కారుతోంది. చూపు ఎక్కడో నిలబడిపోయింది.

"వేళ తప్పలేదు డెరిక్. రెండింటికే పెట్టాను. ఉన్నట్టుండి ఇలా అయిపోయింది. తేనె రాయమన్నాడు, ఇంట్లో తేనె అయిపోయింది."

"లోపలుంది, తెస్తాను," అని మాంసం గదిలోకి దూకాను. హెడ్లీ బాబాయి అంతా విన్నాడు. మొహం పక్కనున్న కొవ్వులా తెల్లబడింది. ఒక చెయ్యి తలుపు పిడి మీద ఉంది.

"వెళ్ళు బాబాయ్, నువ్వే చూడు."

"నేను కనబడితే అబద్ధం బయటపడుతుంది. రేపు వాడు తినడు." పిడి వదల్లేదు, తిప్పలేదు. "కొంచెమే రాయమను. పళ్ళ మధ్య వేలు పెట్టొద్దను, కొరుకుతుంది. పుల్లకు దూది చుట్టి చిగుళ్ళకు రాయాలి. వెల్లకిలా పడుకోబెట్టొద్దను."

తేనె సీసాతో ముందుకు. "కొంచెమే రాయాలటండీ."

"ఎవరన్నారు?"

"సీసా మీద రాసుంది."

ఆర్నాల్డ్ గారు దూది చుట్టి రాశారు. ముప్పై ఏళ్ళు మనుషుల్ని కుదుపు లేకుండా దింపిన చేతులు అవి, రవ్వంత వణకలేదు. నేను మళ్ళీ లోపలికి, మళ్ళీ బయటికి. నాలుగుసార్లు తిరిగాను. కొట్టులో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు నాకేదో కడుపులో తేడా చేసిందనుకున్నారు. ఐదు నిమిషాలకు బెరిల్ అత్త తల ఎత్తింది. ఆవులించింది. ఆర్నాల్డ్ గారి బొటనవేలు నాకింది.

"బతికింది," అన్నాను మాంసం గది తలుపు సందులోంచి. హెడ్లీ బాబాయి గొర్రె తొడను కౌగిలించుకుని ఏడుస్తున్నాడు. నాకూ ఏడుపొచ్చింది. తన ప్రాణం అవతల పోతుంటే, తనకు బద్ధశత్రువైన మనిషి రేపటి భోజనం కోసం పిడి తిప్పకుండా నిలబడ్డ చెయ్యి అది.

పదకొండో రోజున హెడ్లీ బాబాయి విట్బీ నుంచి తిరిగొచ్చాడు. అంటే, వీధి చివరికి వెనకదారిన వెళ్ళి ముందుదారిన పెట్టె పట్టుకుని వచ్చాడు. చెల్లెలి తుంటి ఎలా ఉందని అడిగినవాళ్ళందరికీ విసుగు లేకుండా చెప్పాడు. ఒకరికి కుడి తుంటి, ఒకరికి ఎడమ తుంటి. ఆర్నాల్డ్ గారి వంటింట్లో కాన్నీ గారి అల్లికల బుట్టలో బెరిల్ అత్త చుట్ట చుట్టుకుని పడుకుంది.

"దాన్ని ఇప్పుడే కదిలించడం మంచిది కాదని ఆయనకి చెప్పు డెరిక్. ఈ చోటు అలవాటైంది," అన్నారు ఆర్నాల్డ్ గారు.

"అయితే ఇక్కడే ఉంచమని చెప్పు. కాకపోతే పద్ధతి మాత్రం తప్పొద్దని చెప్పు. ముందు పెట్టేవాడు," అని వేలు చూపించి, లోకంలో తనంత తెలివైనవాడు లేడన్నట్టు నాకు కన్ను కొట్టి వెళ్ళిపోయాడు హెడ్లీ బాబాయి.

ఆయన గేటు దాటేదాకా ఆర్నాల్డ్ గారు కిటికీలోంచి చూశారు. తర్వాత నా ముందో గిన్నె, తన ముందో గిన్నె పెట్టి కూర్చున్నారు.

"విట్బీ వెళ్ళినవాడి పొగగొట్టంలోంచి రోజూ పొగ వస్తుందా డెరిక్?"

నా గొంతులో బార్లీ అడ్డం పడింది.

"రెండో రోజు పొద్దున నేను తినడం మరిచిపోయాను," అన్నారాయన రొట్టెకు వెన్న రాస్తూ. "నేరుగా దాని గిన్నె దాని ముందు పెట్టేశాను. బెరిల్ అటూ ఇటూ చూసిందా? నా నోటి వంక చూసిందా? అడుగు కనబడేదాకా నాకేసింది. ఆ మాట వాడితో అనకు. సంబరపడుతున్నాడు, పడనీ."

"రెండో రోజే తెలిసిపోతే, మరి మిగతా తొమ్మిది రోజులూ గిన్నెడేసి ఎందుకు తిన్నారండీ?"

ఆర్నాల్డ్ గారు చెంచా గిన్నెలో పెట్టి, ఇదేం ప్రశ్న అన్నట్టు నా వంక చూశారు.

"ఆకలేసింది," అన్నారు.